ఫ్లోర్ పాత బ్యాండ్ అని వదిలేయకండి, ఆఫ్టర్ ఫరెవర్ వినండి

నేను మెటల్, అంటే గిటార్ల మోత ఎక్కువుండే రాక్ సంగీతం, వింటానని తెలిసిన ప్రతివాళ్లూ నాకు డచ్ గాయని ఫ్లోర్ యాన్సెన్ వీడియోలు పంపిస్తుంటారు. ఎక్కువగా వచ్చేవి రెండు. ఒకటి 2013లో జర్మనీలోని వాకెన్‌లో నైట్‌విష్ అనే ఫిన్లాండ్ బ్యాండ్ తరఫున ఆమె పాడిన ఘోస్ట్ లవ్ స్కోర్, ఇంకోటి 2019లో బెస్టే జాంగర్స్ అనే డచ్ టీవీ షోలో హెంక్ పోర్ట్‌తో కలిసి పాడిన ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా. పంపినవాళ్లు కింద పెట్టే ప్రశ్న కూడా దాదాపు ఒకటే: ఇంత గొంతు పెట్టుకుని ఈమె ఇన్నాళ్లు యాడుంది?

ఎక్కడికీ పోలేదు, పాడుతూనే ఉంది. పదహారేళ్లప్పుడు ఒక బ్యాండ్‌లో చేరి సరిగ్గా పుష్కరం పాటు అక్కడే పాడింది. ఆ బ్యాండ్ పేరు ఆఫ్టర్ ఫరెవర్. దాని గురించి ఎక్కడ చదివినా రెండు ముక్కల్లో తేల్చేస్తారు, ఫ్లోర్ పాత బ్యాండ్ అని ఒకళ్లు, ఎపికా అనే బ్యాండ్ ఇందులోంచే పుట్టింది అని ఒకళ్లు. రెండూ నిజమే. కానీ తర్వాత వచ్చినవాటి కోసమే ఇది పుట్టినట్టు మాట్లాడితే నాకు బాధగా ఉంటుంది. ఆ ఐదు ఆల్బమ్‌లలో ఒకటి నేను రోజూ చేసే పనిని, రోజూ చూసే పిల్లల్ని చూసే తీరు మార్చేసింది. అది తర్వాత చెబుతాను, ముందు బ్యాండ్ కథ.

నెదర్లాండ్స్ పటం తీసుకుంటే కిందివైపు, ఆగ్నేయంలో, జర్మనీకి బెల్జియంకి మధ్య ఇరుక్కున్నట్టుండే రాష్ట్రం లింబర్గ్. అందులో మాస్ నది పక్కన రూవర్ అని చిన్న ఊరు. ఆమ్‌స్టర్‌డామ్ లేదు, రోటర్‌డామ్ లేదు, ఈ మారుమూల ఊళ్లో 1995లో సాండర్ గోమన్స్, మార్క్ యాన్సెన్ అనే ఇద్దరు గిటారిస్టులు ఒక బ్యాండ్ మొదలుపెట్టారు. అప్పటి పేరు అపోకలిప్స్. వాయించింది డెత్ మెటల్, అంటే మెటల్‌లో బాగా కరుకైన రకం బాపతు సంగీతం, ఇద్దరూ గిటార్ వాయిస్తూనే గర్జించినట్టు పాడేవాళ్లు. 1997లో ఫ్లోర్ వచ్చింది. మార్క్ యాన్సెన్, ఫ్లోర్ యాన్సెన్ అన్నాచెల్లెళ్లా అని చాలామంది అడుగుతారు, కాదు. అక్కడ యాన్సెన్ అనేది మన దగ్గర రెడ్డి, రావు ఉన్నంత మామూలుగా వీధికి నలుగురికి ఉండే ఇంటిపేరు. ఫ్లోర్ వచ్చాక సంగీతం దారే మారిపోయింది, బ్యాండ్ పేరు కూడా బ్లాక్ సబ్బాత్ అనే బ్యాండ్ పాట ఒకదాని పేరు తీసుకుని ఆఫ్టర్ ఫరెవర్ అయింది.

అప్పుడు డచ్ దేశంలో గాలి ఎటు వీస్తుందో కూడా చెప్పుకోవాలి. ద గ్యాదరింగ్ అనే బ్యాండ్ 1995లో ఆన్నెకె వాన్ గీర్స్‌బెర్గెన్ గొంతుతో మాండిలియన్ తెచ్చింది, అది అక్కడ పెద్ద సంచలనం. 1997లో వితిన్ టెంప్టేషన్ మొదటి ఆల్బమ్ ఎంటర్ వచ్చింది. నార్వేలో థియేటర్ ఆఫ్ ట్రాజెడీ వాళ్లు అప్పటికే ఒక ఆడగొంతు, ఒక గర్జన పక్కపక్కన పెట్టి పాడిస్తున్నారు. ఫిన్లాండ్‌లో 1996లో నైట్‌విష్ మొదలైంది. ఆఫ్టర్ ఫరెవర్ ఈ గాలిలోనే పుట్టింది, కానీ వీళ్ల దగ్గర ఇంకొకటి ఉంది. పాట ఒక దారిన పోతూ పోతూ ఉన్నట్టుండి తాళం మార్చి, ఇంకో దారి పట్టి, కోరస్ తెచ్చి, మళ్లీ మొదటికి రావడం. ప్రోగ్రెసివ్ అనే మాట వీళ్లకి అతికించడానికి కారణం అది. మావైపు తిరునాళ్లకి పద్యనాటకం వేస్తే ఒక్క పద్యం రాగం తీసుకుంటూ ఎంతసేపు పోయినా జనం కదలకుండా కూర్చునేవాళ్లు, ఎందుకంటే అది ఎక్కడికి తిరిగి వస్తుందో వాళ్లకి తెలుసు, వచ్చేదాకా ఆగడంలోనే ఉంది సుఖం. వీళ్ల పొడుగు పాటలు నేను అట్టాగే వింటాను.

1999లో రెండు డెమోలు, అంటే నమూనా రికార్డింగులు, వదిలారు. వాటితో ట్రాన్స్‌మిషన్ రికార్డ్స్ అనే కంపెనీ వాళ్ల దగ్గర ఒప్పందం దొరికింది. 2000లో మొదటి ఆల్బమ్ ప్రిజన్ ఆఫ్ డిజైర్. అందులో బియాండ్ మీ పాటకి వితిన్ టెంప్టేషన్ గాయని షారన్ డెన్ అడెల్ వచ్చి ఫ్లోర్‌తో కలిసి పాడింది. ఆల్బమ్ మొత్తం గొప్పగా ఉందని నేను అనను, రికార్డింగ్ కొంచెం పలచగా ఉంటుంది, ఫ్లోర్ కూడా అప్పటికింకా పూర్తిగా ఒపేరా పద్ధతిలోనే, జాగ్రత్తగా, కొంచెం దూరంగా నిలబడి పాడినట్టుంటుంది. పందొమ్మిదేళ్ల పిల్ల మరి. కానీ మియా కల్పా అనే కోరస్ ముక్కతో మొదలై లెడెన్ లెగసీలోకి దిగే ఆ రెండు నిమిషాలు విన్నవాడికి వీళ్లు ఊరికే గిటార్లు మోగించడానికి రాలేదని అర్థమైపోతుంది.

ఆ లెడెన్ లెగసీ వెనక ఒక సంగతుంది. మార్క్ ఆ ఆల్బమ్‌లో ది ఎంబ్రేస్ దట్ స్మదర్స్ అని ఒక పాటల వరస మొదలుపెట్టాడు. వ్యవస్థగా మారిన మతం మనిషిని ఎట్టా బిగించి ఊపిరాడకుండా చేస్తుందనేది దాని విషయం. మొదటి మూడు భాగాలు ప్రిజన్ ఆఫ్ డిజైర్‌లో ఉన్నాయి. తర్వాతి మూడు భాగాలు ఆఫ్టర్ ఫరెవర్‌లో రాలేదు, 2003లో ఎపికా మొదటి ఆల్బమ్ ది ఫాంటమ్ ఆగొనీలో వచ్చాయి. ఎపికా అభిమానులకి ప్రాణమైన క్రై ఫర్ ది మూన్ ఈ వరసలో నాలుగో భాగం, చర్చిల్లో పిల్లల మీద జరిగిన అఘాయిత్యాల గురించి రాసింది. ఫసాడ్ ఆఫ్ రియాలిటీ ఐదోది, అమెరికాలో 2001 సెప్టెంబర్ 11 దాడుల మీద. ఆఖరి మూడు 2007లో ది డివైన్ కాన్‌స్పిరసీలో. ఒక ఆలోచన ఒక బ్యాండ్‌లో మొదలై, ఆ బ్యాండ్ వదిలేశాక కూడా ఐదేళ్లు మనిషి వెంటబడి ఇంకో బ్యాండ్‌లో పూర్తయిందన్నమాట. తొమ్మిదీ వరసగా పెట్టుకుని వినడానికి ఒక సాయంత్రం సరిపోతుంది, వినండి.

2001లో డిసైఫర్. చాలామంది అభిమానుల లెక్కలో ఇదే శిఖరం. ఎక్స్ కథీడ్రా అనే చిన్న ఆరంభం, దాని వెనకే మోనోలిత్ ఆఫ్ డౌట్. మొదటి ఆల్బమ్‌లో పలచగా ఉన్నదంతా ఇక్కడ చిక్కబడింది. ఇంపర్ఫెక్ట్ టెన్సెస్ అనే పాటలో గిటార్ల మోత ఉండదు, ఫ్లోర్ ఒక ఒపేరా టెనర్‌తో, అంటే పైస్థాయిలో పాడే మగ గాయకుడితో, కలిసి నెమ్మదిగా పాడుతుంది. ఊపిరి ఎక్కడ తీసుకున్నారో తెలియకుండా పాడటం అంటే ఏంటో బాలుగారు పుట్టిన నెల్లూరులో నేను ఎవరికీ చెప్పక్కర్లేదు, ఆ పాట వింటుంటే మనకి అలవాటైన ఆ శ్రద్ధే దూరదేశంలో ఇంకో పద్ధతిలో కనిపిస్తుంది. దాని వెంటనే మై ప్లెడ్జ్ ఆఫ్ అలీజియెన్స్ రెండో భాగం వచ్చి మీద పడుతుంది. ఆ వరస కావాలనే పెట్టారు, విడగొట్టి వింటే సగం పోతుంది.

ఆ ఆడగొంతు, గర్జన ఎందుకు కలుస్తాయో కొంచెం చెప్పనివ్వండి, ఫిజిక్స్ చెప్పేవాణ్ని కాబట్టి ఆగలేను. డిస్టార్షన్ పెట్టిన, అంటే శబ్దాన్ని కావాలనే గరుకు చేసిన గిటార్లు కింది, మధ్య ఫ్రీక్వెన్సీలని మొత్తం ఆక్రమించేస్తాయి. మామూలు గొంతు ఆ గుంపులో పడితే వినపడదు. పైస్థాయిలో పాడే ఒపేరా గొంతుకి ఆ గుంపు పైన ఖాళీ చోటు దొరుకుతుంది, అందుకే ఎంత మోతలోనైనా ఫ్లోర్ స్పష్టంగా వినిపిస్తుంది. గర్జన అట్టా కాదు. అసలు స్వరతంతులకి పైన ఇంకో జత మడతలుంటాయి, అవి కూడా అదరడం వల్ల ఆ గరగర పుడుతుంది, అది గిటార్ల గుంపులోనే కలిసిపోయి వాటికి నోరొచ్చినట్టు నడుస్తుంది. ఒకటి పైన, ఒకటి కింద, ఒకదానికొకటి అడ్డం రావు. మా అమ్మకి ఈ లెక్కలేమీ తెలియవు. ఒకసారి పక్కన కూర్చుని విని, "ఆ పిల్ల గొంతు ఖంగుమంటా ఉందిరా, ఆ కింద గర్జించేది ఎవురు?" అనింది. ఆమెకి కూడా రెండూ విడివిడిగానే వినపడ్డాయి.

నాకు ఈ బ్యాండ్ పరిచయమైంది మా పెదనాన్న కొడుకు వల్ల. ఒంగోలులో అన్న నెట్ సెంటర్ నడిపే రోజులు. గంటకింత అని డబ్బులు తీసుకుని, రిజల్ట్స్ ప్రింట్లు తీసిచ్చే కాలం. రాత్రి షట్టర్ దించాక కంప్యూటర్లన్నీ ఖాళీగా ఉంటాయి కదా, డౌన్‌లోడ్ పెట్టి పడుకునేవాడు. అట్టా వచ్చిన పాటలన్నీ ఒక సీడీలో రాసి, పైన మార్కర్‌తో పేరు కూడా లేకుండా చిన్న చక్రం గుర్తు పెట్టి నా చేతికిచ్చాడు. "తమ్ముడూ, ఇది విను. అర్థం కాకపోతే ఇంకోసారి విను, అప్పుడూ కాకపోతే తెచ్చిచ్చెయ్" అన్నాడు. తెచ్చివ్వలేదు. డబ్బిచ్చి కొనే దారి అప్పుడు మాకు లేదు, తర్వాత ఉద్యోగం వచ్చాక ఒక్కొక్కటీ కొనుక్కున్నాను.

ఆ సీడీలో ఉన్నది ఇన్విజిబుల్ సర్కిల్స్.

దాని దగ్గరికి రావాలంటే 2002 చెప్పాలి. ఆ ఏడాది మార్క్ యాన్సెన్ బ్యాండ్ నుంచి బయటికొచ్చాడు. సంగీతం ఎటు పోవాలనే దగ్గర తేడాలొచ్చాయి. మార్క్‌కి ఆర్కెస్ట్రా, కోరస్, సినిమా సంగీతం తరహా ఇంకా పెద్దదిగా కావాలి, మిగతావాళ్లకి గిటార్, ప్రోగ్రెసివ్ వైపు మొగ్గు. మార్క్ బయటికొచ్చి సహారా డస్ట్ అని ఒక బ్యాండ్ కట్టాడు, గాయని మారి పదిహేడు పద్దెనిమిదేళ్ల సిమోన్ సైమన్స్ వచ్చింది, పేరు ఎపికా అయింది. కామెలాట్ అనే ఇంకో బ్యాండ్ ఆల్బమ్ ఎపికా చూసి పెట్టుకున్న పేరది. ఆ తర్వాత వాళ్లెంత దూరం పోయారో మీకు తెలుసు. ఒక్క విడిపోవడం వల్ల రెండు బ్యాండ్లు ఎవరికిష్టమైన సంగీతం వాళ్లు చేసుకున్నాయి, దానికి నేనైతే సంతోషిస్తాను. ఇక్కడ ఆఫ్టర్ ఫరెవర్‌లో మార్క్ చోటులోకి బాస్ మాస్ అనే గిటారిస్టు వచ్చాడు, రాసే భారం సాండర్, ఫ్లోర్‌ల మీద పడింది. 2003లో ఎక్సోర్డియం అని ఒక చిన్న రికార్డు, అందులో ఐరన్ మెయిడెన్ పాట ది ఈవిల్ దట్ మెన్ డూ వీళ్ల పద్ధతిలో ఉంటుంది. 2004లో ఇన్విజిబుల్ సర్కిల్స్.

మతం లేదు, పురాణం లేదు, డ్రాగన్లు లేవు. ఇది ఒక ఇంటి కథ. పన్నెండు ట్రాకులు, మొదటి నుంచి చివరిదాకా ఒకటే కథ. దూరమైపోతున్న ఇద్దరు, పిల్ల పుడితే కాపురం నిలబడుతుందని పిల్లని కంటారు. నిలబడదు. ఇద్దరికీ వదులుకున్న ఉద్యోగాలు, కలలు గుర్తుకొస్తుంటాయి, ఆ కోపం అంతా తిరిగి తిరిగి పిల్ల మీదికి వస్తుంది. పాటల మధ్యలో మొగుడూపెళ్లాల గొడవ మామూలు మాటల్లోనే వినిపిస్తుంది, పాడరు, అరుచుకుంటారు. ఎక్సెంట్రిక్ అనే పాటలో పియానో మీద ఆ పిల్ల ఒంటరితనం, బడిలో ఎవరూ కలుపుకోకపోవడం. తర్వాత డిజిటల్ డిసీట్, త్రూ స్క్వేర్ ఐస్, అంటే ఆ పిల్ల కంప్యూటర్లోకి, టీవీలోకి దూరి తలుపేసుకోవడం. చివరి పాట లైఫ్స్ వోర్టెక్స్‌కి వచ్చేసరికి ఆ పిల్ల పెద్దదైపోతుంది, తనకు జరిగిందే తన ఇంట్లో మళ్లీ జరుగుతుంటుంది. పేరులో ఉన్న వలయం అదే.

మొదట విన్నప్పుడు నాకు నచ్చింది రిఫ్‌లు (తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్కలు), ఫ్లోర్ గొంతులో కొత్తగా వచ్చిన కసి. ఈ ఆల్బమ్‌లో ఆమె ఒపేరా ఒక్కటే పాడదు. బ్లైండ్ పెయిన్‌లో ఆ గొంతు వింటే ముందు రెండు ఆల్బమ్‌ల అమ్మాయేనా అనిపిస్తుంది. కథ మాత్రం నేను ఉద్యోగంలో చేరాకే తలకెక్కింది.

నేను నెల్లూరులో ఇంటర్ పిల్లలకి పాఠం చెబుతాను, హాస్టల్ ఉన్న కాలేజీ. పిల్లల్ని చూడ్డానికి తల్లిదండ్రులు వచ్చే ఆదివారం ఎట్టా ఉంటుందో ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి తెలుసు. పొద్దున్నే ఉదయగిరి, ఆత్మకూరు, కావలి బస్సుల్లో దిగుతారు. చేతిలో స్టీలు క్యారియర్, దాని పైగిన్నెలో అన్నం, కింద చేపల పులుసు, కారిపోకుండా మూతకి ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు. చెట్టు కింద దుప్పటి పరిచి పిల్లాడికి తినిపిస్తారు. వాడు నాలుగు ముద్దలు తినేలోపు నాన్న జేబులోంచి మార్కుల కాగితం తీస్తాడు. ఆ తర్వాత నేను విన్న మాట, ప్రతి చెట్టు కింద, ఇంచుమించు ఒకే మాట: "నీకోసమేరా మేం ఇదంతా." పొలం అమ్మిన సంగతి, అమ్మ కుట్టు మిషను దగ్గర రాత్రి దాకా కూర్చునే సంగతి, నాన్న మానేసిన చదువు సంగతి, అన్నీ ఆ అన్నం ముద్దతోపాటే. ప్రేమతోనే అంటారు, అందులో నాకు రవ్వంత సందేహం లేదు. కానీ వాడి మొహం చూస్తే తెలుస్తుంది, వాడు నములుతున్నాడు గానీ మింగట్లేదు.

ఒక ఆదివారం అట్టా చూసి ఇంటికొచ్చి సిన్స్ ఆఫ్ ఐడియలిజం పెట్టుకున్నాను. బిడ్డ కోసం తను వదులుకున్న జీవితాన్ని తల్లి తలుచుకునే పాట అది. డచ్ వాళ్లింట్లో ఆ మాట కోపంగా వస్తుంది, మన ఇళ్లల్లో ప్రేమగా వస్తుంది, కానీ వినే పిల్లకి చేరేది ఒకటే: నీ వల్ల మా బతుకు ఇట్టా అయింది, ఆ బాకీ నువ్వు తీర్చాలి. ఈ సంగతి నాకు ఏ ట్రైనింగ్‌లోనూ ఎవరూ చెప్పలేదు. ఒక మెటల్ ఆల్బమ్ చెప్పింది. అప్పటినుంచి పేరెంట్స్ వచ్చినప్పుడు నేను ముందే వెళ్లి నిలబడతాను, "అన్నా, ముందు అన్నం తిననీ, మార్కుల సంగతి తర్వాత నేను చెబుతాలే" అంటాను. "అమ్మా, వాడు ఈ నెల ల్యాబ్‌లో బాగా చేశాడమ్మా" అని ఏదో ఒకటి, నిజమైనదే, వెతికి చెబుతాను. కొందరు వింటారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. త్రూ స్క్వేర్ ఐస్ 2004 నాటిది. స్మార్ట్‌ఫోన్లు లేవు, రీల్స్ లేవు. అయినా ఇంట్లో గొడవ జరుగుతుంటే పిల్ల తెర వెలుగులోకి పోయి కూర్చోవడం ఎట్టా ఉంటుందో వాళ్లు అప్పుడే రాసేశారు. పిల్లలు ఫోన్ వదలట్లేదని నా దగ్గర మొత్తుకునే తల్లిదండ్రులకి ఈ పాట వినిపించాలని ఉంటుంది, ఇంగ్లీషు పాట, పైగా ఈ మోత, ఎట్టా వినిపించను! అందుకే ఇక్కడ రాస్తున్నాను.

సరే, మిగతా కథ. 2004లో కీబోర్డుల దగ్గరికి యోస్ట్ వాన్ డెన్ బ్రూక్ వచ్చాడు. ఈ పేరు గుర్తు పెట్టుకోండి. 2005లో రీమాజిన్, బీయింగ్ ఎవ్రీవన్ పాట ఉన్నది. పాటలు చిన్నవయ్యాయి, కోరస్‌లు సులువుగా నోటికొస్తాయి. బాగుంటుంది, కానీ ఇన్విజిబుల్ సర్కిల్స్ తర్వాత వినాల్సి రావడం దాని దురదృష్టం. తర్వాత న్యూక్లియర్ బ్లాస్ట్ అనే పెద్ద కంపెనీకి మారి 2007లో బ్యాండ్ పేరుతోనే ఐదో ఆల్బమ్ తెచ్చారు. ప్రాగ్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాయించింది, జర్మన్ గాయని డోరో పెష్ వచ్చి ఒక పాట పాడింది, అనైహిలేటర్ బ్యాండ్ జెఫ్ వాటర్స్ గిటార్ సోలో ఇచ్చాడు. డ్రీమ్‌ఫ్లైట్ పదకొండు నిమిషాలు, బ్యాండ్ చేయగలిగినదంతా ఒకే చోట పోసిన పాట. గర్జన, కోరస్, నెమ్మదైన మధ్యభాగం, ఫ్లోర్ మూడు రకాల గొంతులు. యోస్ట్ వచ్చాక కీబోర్డు ఊరికే వెనక పరదాలా ఉండకుండా గిటార్‌తో సమానంగా వాదనకు దిగుతుంది, ఈ ఆల్బమ్‌లో అది బాగా తెలుస్తుంది. వాళ్లకి అన్నీ కలిసొచ్చే సమయం అదే అని నేననుకున్నాను. అదే ఆఖరి ఆల్బమ్ అయింది.

సాండర్‌కి బర్న్‌అవుట్ వచ్చింది. ఒళ్లూ మనసూ పూర్తిగా అరిగిపోయి, పని అనే మాట వింటేనే కూలబడిపోయే స్థితి. 2008లో బ్యాండ్ మొత్తం ఏడాది ఆగింది. ఇంకో గిటారిస్టుని పెట్టుకుని ఆల్బమ్ వేడి మీదుండగానే ఊళ్లు తిరగొచ్చు, డబ్బులొచ్చే సమయం కూడా. అట్టా చేసుకుంటూ పోలేదు. ఆ ఏడాది తర్వాత అందరూ కూర్చుని మాట్లాడుకుంటే మునుపటి ఉత్సాహం ఎవరిలోనూ లేదని తేలింది, 2009 ఫిబ్రవరిలో బ్యాండ్ అయిపోయిందని చెప్పేశారు. అప్పట్లో నాకు చాలా కష్టమనిపించింది. ఇప్పుడు మాత్రం దాన్ని గౌరవంగా చూస్తాను. మనుషుల్ని నలిపేసే ఇల్లు గురించి అంత పెద్ద ఆల్బమ్ చేసినవాళ్లు, తమలో ఒకడు నలిగిపోతే పని ఆపేశారు.

ఆ తర్వాత ఫ్లోర్ రీవాంప్ అని సొంత బ్యాండ్ కట్టింది, 2010లో మొదటి ఆల్బమ్. 2011లో ఆమెకి కూడా బర్న్‌అవుట్ వచ్చి అన్నీ రద్దు చేసుకుని ఇంట్లో ఉండిపోవాల్సి వచ్చింది. వీడియోల్లో ఆ గొంతు చూసి పుట్టుకతో వచ్చింది అనుకునేవాళ్లు ఈ సంవత్సరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. కోలుకుంటుండగా 2012 సెప్టెంబర్ చివర్లో, అమెరికా టూర్ మధ్యలో గాయని లేకుండా పోయిన నైట్‌విష్ నుంచి ఫోన్ వచ్చింది. విమానంలో పాటలు బట్టీ పడుతూ వెళ్లి అక్టోబర్ 1న సియాటెల్‌లో వేదిక ఎక్కింది. నైట్‌విష్‌కి ఆమె కొత్త కాదు, 2002లో ఆఫ్టర్ ఫరెవర్ వాళ్లతో కలిసి యూరప్ తిరిగింది. ఏడాది తర్వాత శాశ్వత సభ్యురాలని ప్రకటించారు. మీకు వచ్చే ఆ వాకెన్ వీడియో, 2013 ఆగస్టుది, ఆ ప్రకటనకి ముందుది. అంటే అప్పటికి ఆమె ఇంకా సాయానికి వచ్చిన మనిషే! అది తెలిసి ఘోస్ట్ లవ్ స్కోర్ చివరి రెండు నిమిషాలు మళ్లీ చూడండి.

ఇందాక గుర్తు పెట్టుకోమన్న యోస్ట్ నిర్మాత అయ్యాడు. 2014లో ఎపికా ది క్వాంటం ఎనిగ్మా ఆయన చేతిలోనే తయారైంది, తర్వాత ది హోలోగ్రాఫిక్ ప్రిన్సిపల్, ఒమేగా కూడా. మార్క్ వెళ్లిపోయాక వచ్చిన మనిషి, మార్క్ కట్టిన బ్యాండ్‌కి ఇప్పటి శబ్దం ఇచ్చాడు. మార్క్ ఎపికాతోపాటు మయాన్ అని ఇంకోటి పెడితే, అందులో ఆఫ్టర్ ఫరెవర్ తొలినాళ్ల కీబోర్డిస్టు జాక్ డ్రీసెన్ ఉన్నాడు, 2011లో వాళ్ల మొదటి ఆల్బమ్‌లో ఫ్లోర్ వచ్చి పాడింది. గొడవపడి విడిపోయినవాళ్లు కాదు అనడానికి ఇంతకంటే ఏం కావాలి. సాండర్ కూడా ఆగలేదు, హెచ్‌డీకే అని సొంత పని చేసుకున్నాడు, తనకి వీలైన వేగంతో.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకి నా సలహా: ఎనర్జైజ్ మీ వినండి, నాలుగు నిమిషాలు కూడా ఉండదు, వెంటనే పట్టేస్తుంది. తర్వాత మోనోలిత్ ఆఫ్ డౌట్. ఆ తర్వాత డ్రీమ్‌ఫ్లైట్‌కి ఒక రాత్రి ప్రయాణం కేటాయించండి, నెల్లూరు నుంచి ఒంగోలు పోయే బస్సులో హైవే మీద కిటికీ పక్కన సీటు దొరికితే బాగుంటుంది. గర్జన ఇబ్బందిగా ఉంటే ఎక్సెంట్రిక్, ఇంపర్ఫెక్ట్ టెన్సెస్ ముందు వినండి, అందులో లేదు. ఇన్విజిబుల్ సర్కిల్స్ మాత్రం ముక్కలుగా వినొద్దు, షఫుల్ తీసేసి, పాటల సాహిత్యం పక్కన పెట్టుకుని, ఇంట్లో పిల్లలుంటే వాళ్లు పడుకున్నాక, మొదటి నుంచి చివరిదాకా ఒకే కూర్చుడులో.

ఎవరి దగ్గరన్నా ఎక్సోర్డియం అసలు సీడీ ఉండి అమ్మే ఉద్దేశం ఉంటే చెప్పండి. నా దగ్గర అదొక్కటే లేదు. ఒంగోలు, నెల్లూరు మధ్య ఎక్కడున్నా నేనే వచ్చి తీసుకుంటాను.